గుడ్డ ఎవరిదో వాళ్లే చెప్పాలి

మా అమ్మ దర్జీ. ఎంత తెలిసినవాళ్లు గుడ్డ తెచ్చినా బల్లమీద పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర చేత్తో పట్టుకుని ఆగుతుంది. గుడ్డ ఎవరిదో వాళ్లు నోరు తెరిచి "కత్తిరించు" అనాలి. తల ఊపితే ఒప్పుకోదు.

"కోసేది గుడ్డనా, గొంతునా? అంత భయమేంటే నీకు?" అని పెద్దమ్మ ఎగతాళి చేస్తుంది.

"కోశాక మళ్లీ అతకదు కదక్కా," అంటుంది అమ్మ.

నాకు లూపస్ వచ్చి రెండో ఏడు. రోగాలతో పోరాడాల్సిన శక్తి నా ఒంటిమీదే తిరగబడిందట. ముందు వేళ్ల కీళ్లు వాచాయి. తర్వాత బుగ్గల మీద ఎర్రగా మచ్చలు లేచాయి. మాత్రలతో మొహం ఉబ్బింది. పెద్దమ్మ నన్ను గుమ్మడిపండు అంటుంది. అమ్మ మాత్రం నా బట్టల కుట్లు విప్పి వదులు చేస్తుంది.

ఈసారి ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం.

"కిడ్నీల దాకా వచ్చింది. మాత్రలు సరిపోవు," అంది డాక్టరమ్మ. "కొత్త మందు ఉంది, నెలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి. చాలామందికి పనిచేస్తోంది. కానీ ఒంట్లో రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. కొందరికి మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది."

"ఎక్కించకపోతే?" అంది పెద్దమ్మ.

"కిడ్నీలు పోతాయి. ఎప్పటికో చెప్పలేను."

డాక్టరమ్మ తెల్లకోటు జేబుకి ఒక మూల కుట్టు ఊడింది. నేను దాన్నే చూస్తున్నాను. భయం వేయాలి కదా అనుకున్నాను. వేయలేదు.

"నచ్చకపోతే విప్పుకోవచ్చాండీ?" అంది అమ్మ.

"ఏంటమ్మా?"

"అదే... ఎక్కించాక వద్దనుకుంటే."

"తర్వాతవి ఆపేయొచ్చు. లోపలికి వెళ్లింది తీయలేం."

డాక్టరమ్మ ఒప్పుకోలు కాగితం, పెన్ను ముందుకు జరిపింది. అమ్మ పెన్ను ముట్టుకోలేదు. నా వైపు తిరిగి చూసింది. బల్ల దగ్గర కత్తెరతో ఆగినప్పటి చూపే.

"ఒళ్లు దానిది. అదే చెప్పాలి."

"చాల్లే సంబడం! చిన్నపిల్లకేం తెలుసు? అసలు దానికి నోరుందా?" అంది పెద్దమ్మ.

నేను తల ఊపాను. అమ్మ కదల్లేదు.

"నోటితో."

బడిలో హాజరు పలకడానికే నాకు చెమటలు పడతాయి. ఎక్కిస్తే ఏమవుతుందో, ఎక్కించకపోతే ఏమవుతుందో, రెండూ ఇంకెవరికో జరగబోతున్నట్టున్నాయి. కిందికి చూశాను. పాదాలు వాచి చెప్పుల్లో పట్టక మడమలు బయటే ఉన్నాయి. అవి మాత్రం నావే.

"ఎక్కించండి," అన్నాను.

"వినపడలేదు," అంది అమ్మ. ఆమె గొంతు బాగా సన్నగా ఉంది.

"ఎక్కించండి."

పెద్దమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. అమ్మ పెన్ను తీసుకుంది. సంతకం పెట్టేముందు, ముడత ఒక్కటీ లేని ఆ కాగితాన్ని అరచేత్తో రెండుసార్లు సాపు చేసింది.