రాకెట్టు మీద పెట్టిన చెవి

మా ఊళ్ళో గోడ బీటలిచ్చినా, గేదెకు చూడి నిలవకపోయినా తప్పు శ్రీహరికోట రాకెట్టుదే. పోయినసారి రాకెట్టు లేచిన మర్నాడే మా ఆయన పెంచల్‌కు ఎడమ చెవి మూసుకుపోయింది. ఇక చెప్పేదేముంది! ఊరంతా కలిసి తీర్పు చెప్పేసింది: "ఆ మోతకి నరం పోయుంటాది. పోయిన నరం మళ్ళా రాదు."

ఆయనా నమ్మేశాడు. కోడి ఈకను కొబ్బరినూనెలో ముంచి చెవిలో తిప్పుకునే పాత అలవాటు మాత్రం మానలేదు. దురదట. చేపల వేటకెళ్ళి పులికాట్ సరస్సు నీళ్ళలో మునిగి లేచి, తల తుడుచుకోకముందే ఈక పట్టేవాడు. పడవలో ఆయన జతగాడు ముత్యాలయ్యకు విసుగొచ్చింది.

"వదినా, వల వదలమని అరిస్తే లాగతా ఉండాడు. చెవి బాగైతేనే రమ్మను. లేకపోతే వేరే మనిషిని చూసుకుంటా."

మా ఆయనకు పడవ తప్ప మరో పని రాదు. నాకు భయం పట్టుకుంది. పోట్లాడి నెల్లూరు లాక్కెళ్ళాను.

డాక్టర్ కెజియా చెవి ముందున్న మెత్తటి ముక్కను నొక్కింది. ఆయన "అబ్బా" అన్నాడు. చెవిని పైకీ వెనక్కీ లాగి, లైటున్న గొట్టంతో లోపలికి చూసింది. తర్వాత రెండు కొమ్ముల ఇనుప పుల్లను తన మోచేతికి కొట్టి, అది మోగుతుండగా ఆయన నుదుటి మధ్యలో ఆనించింది.

"ఏ చెవిలో గట్టిగా వినపడతా ఉంది అన్నా?"

ఆయన చెయ్యి ఎడమ చెవి దాకా లేచి ఆగిపోయింది. "కుడి" అన్నాడు.

ఆమె ముఖం మారింది. "అట్లయితే ఎడమ నరాన్నే అనుమానించాల."

కానీ ఆ లేచిన చెయ్యి నేను చూశాను. అబద్ధమాడితే ఆయన నేలచూపులు చూస్తాడు. ఇప్పుడూ అదే చూపు. "ఏమయ్యా, నిజం చెప్పి చావు!" అని అరిచాను.

"ఎడమ దాంట్లోనే మోగింది. చెవిటి చెవికి వినపడిందంటే నన్ను పిచ్చోడంటారని..."

డాక్టరమ్మ నవ్వేసింది. "దారి మూసుకుపోయిన చెవిలోనే ఇది గట్టిగా మోగేది. నరం బాగానే ఉన్నట్టు. నీ చెవిలో పట్టింది బూజు. తడి, నూనె, ఈక గీతలు. బూజుకి ఇంకేం కావాల?"

చిన్న మిషన్‌తో పీల్చి తీస్తే, నల్లచుక్కలతో తడి కాగితం ముద్దలాంటిది బయటికొచ్చింది. కర్ణభేరికి చిల్లు పడలేదని చెప్పి చుక్కల మందు రాసింది. పడవెక్కొచ్చు గానీ తగ్గేదాకా నీళ్ళలో మునగొద్దంది. ఈక జన్మలో ముట్టొద్దంది. రాకెట్టు ఊసే ఎత్తలేదు.

తిరుగు ఆటోలో నేను ఆయనకు ఎడమ పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ పక్కన చేరే, వినపడదన్న ధైర్యంతో నోటికొచ్చినట్టు తిట్టుకునేదాన్ని. అలవాటుకొద్దీ గొణిగాను. "ముదనష్టపు ఈక మొగుడు."

ఆయన గిరుక్కున తిరిగాడు. "ఏందే, ఈక మొగుడా?"

నాకు ఏడుపు ఆగలేదు, సంతోషంతోనే. ఏడుస్తూనే ఇంకోసారి తిట్టాను, ఇంకా మెల్లగా. దానికీ తిరిగాడు. పడవలో ముత్యాలయ్య వేసే కేక ఇంతకన్నా గట్టిదే.