కుర్మయ్య ఊపిరి ఎక్కడ ఆగింది?

శంషాబాద్‌లో కుర్మయ్య ఇంటి పైవాటాలో ఝాన్సీ కిరాయికి ఉండేది. ఎయిర్‌పోర్టు దారిలోని ఒక పరిశోధనశాలలో ఆమెకు ఉద్యోగం. మెదడు స్కానింగ్ బొమ్మలు మాత్రమే చూసి, ఆ మనిషి ఊపిరి ఎలా తీశాడో, గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చెప్పడం కంప్యూటర్‌కు నేర్పుతోంది. రెండు వందల మంది బొమ్మలు చూపించింది. ఇక కొత్త మనిషి మీద పరీక్షించాలి. 2013 ఎండాకాలంలో ఆ కొత్త మనిషి కుర్మయ్య అయ్యాడు.

"కదలకుంట పండుడే గదా? గది నాకు పుట్టుకతోనే వచ్చు," అన్నాడు. భార్య చంద్రమ్మ కాదనలేదు.

ఇద్దరూ ఆటోలో పరిశోధనశాలకు వచ్చారు. గొట్టంలాంటి మిషన్ బల్ల మీద ఆయనను పడుకోబెట్టారు. గుండె కొలవడానికి వేలికి క్లిప్పు పెట్టి, ఊపిరి కొలవడానికి ఛాతీకి బెల్టు కట్టారు.

"అస్సలు కదలకూడదు, బాబాయిగారూ," అంది ఝాన్సీ.

కుర్మయ్యకు సందేహం వచ్చింది. ఊపిరి తీస్తే ఛాతీ కదులుతుంది కదా! అడిగితే నవ్వుతారని మిషన్ మోగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, కళ్లు తేలేసే దాకా అలాగే ఉన్నాడు. బెల్టు ఇరుకుగా ఉంటే ఝాన్సీ అటు తిరగ్గానే వదులు చేసుకున్నాడు కూడా.

బయటికి వచ్చేసరికి ఝాన్సీ ముఖం వాడిపోయి ఉంది.

"నీ ప్రోగ్రాం తప్పు," అంటున్నాడు తోటి ఉద్యోగి లలిత్. "అరనిమిషం ఊపిరి ఆగిందంటుంది, మళ్లీ మొదలైందంటుంది. మనిషన్నవాడు అలా ఊపిరి తీస్తాడా?"

"మరి బెల్టు గీత చూడండి, మొత్తం తిన్నగా ఉంది. దాని లెక్కన బాబాయిగారు పోయినట్టే!"

చంద్రమ్మ గబుక్కున లేచి మొగుడిని గిల్లి చూసింది. ఆయన కెవ్వుమన్నాడు.

"నేనే ఊపిరి బిగవట్టిన, బిడ్డా. బెల్టు గూడ నేనే వదులు చేసిన," అని ఒప్పుకున్నాడు.

ఝాన్సీ ఎగిరి గంతేసింది.

"పదకొండో నిమిషంలో గుండె దడదడలాడిందనీ నా ప్రోగ్రాం చెప్పింది. వేలి క్లిప్పూ అదే అంటోంది. అప్పుడేం తలచుకున్నారు బాబాయిగారూ?"

"మీ పిన్నిని."

చంద్రమ్మ కొంగు సర్దుకుంది. "గంత ప్రేమనా?"

కుర్మయ్య నేల చూపులు చూశాడు. "కాదే. వీళ్లకని నువ్వు పొద్దుగాల వండిన నాటుకోడి కూర డబ్బా... ఆటోలనే మర్చిపోయిన. గప్పుడు యాదికొచ్చింది."

అంతలో తలుపు తీసుకుని, పొద్దున వాళ్లను దింపిన ఆటో డ్రైవర్ కొండల్ లోపలికి వచ్చాడు, చేతిలో తళతళలాడే డబ్బాతో.

"మీ డబ్బా అక్కా. కడిగి తెచ్చిన. కూర మస్తుగున్నది, జర ఉప్పు తక్కువ."

చంద్రమ్మ డబ్బా అందుకుని ఝాన్సీ వైపు తిరిగింది.

"ఇగ నేను పండుకుంట అండ్ల. ఈ మనిషి మీద నాకెంత కోపమున్నదో కొలిచి, కాయితం మీద రాసియ్యి బిడ్డా."

ఝాన్సీ సంతోషంగా మంగళవారం పదింటికి పేరు రాసుకుంది. కుర్మయ్య ఆమె పక్కకు జరిగి గుసగుసలాడాడు.

"గా దినం మిషన్ ఖరాబైందని చెప్పరాదు, బిడ్డా?"