సందులోకి ఫైరింజను

దర్జీ అక్క కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆమెకు తెలియని సంగతంటూ ఉండదు. ఎవరికి ఏ భుజం జారిందో, ఎవరి నడుము వచ్చే ఏడాదికి ఎంత లావెక్కుతుందో టేపు పెట్టకుండానే చెప్పేస్తుంది. అలాంటి మనిషిని తీసుకెళ్లి నగర కౌన్సిల్లో ప్రజాభద్రతా కమిటీలో కూర్చోబెట్టారు. మొదటి సమావేశం అయ్యేసరికి ఆమెకు తన పేరు తప్ప ఇంకేదీ గట్టిగా గుర్తులేదు.

ఆమె కౌన్సిల్‌కు గెలిచింది తమ్ముడి చలవ వల్ల. ఇంట్లో వాణ్ని చిన్నోడంటారు. ముప్పై దాటి, మీసాలు దట్టంగా వచ్చినా చిన్నోడే. వాళ్ల సందు మొదట్లో వాడికో టీ బండి ఉంది. ఎన్నికలప్పుడు గ్లాసు చేతికి అందిస్తూ ప్రతి మనిషికీ "మా అక్క" అని గుర్తుచేసేవాడు. టీ బాగుండేది, అక్క గెలిచింది. అయితే కొత్తగా గెలిచినవాళ్లను ఎవరూ కోరుకోని కమిటీలో వెయ్యడం కౌన్సిల్‌లో మామూలే. రోడ్ల కమిటీకి కొట్టుకుంటారు, పన్నుల కమిటీకి తన్నుకుంటారు, ప్రజాభద్రత అనగానే అందరికీ ఇంట్లో పని గుర్తొస్తుంది. ఆ విధంగా ప్రజల భద్రత అక్క నెత్తిన పడింది.

ఆమె చేరాక ఆ కమిటీ ముందుకు వచ్చిన మొదటి ముసాయిదా ఏమిటంటే, ఇరుకు సందుల్లో బళ్లూ, సామాన్లూ, అరుగులకు అదనంగా కట్టిన రేకులూ ఉండకూడదని. ఫైరింజను చివరి ఇంటిదాకా వెళ్లగలగాలి, అంతే. చదివితే ఎవరికైనా మంచిదే అనిపిస్తుంది. అక్కకు మాత్రం చదువుతుండగానే గొంతులో వెలక్కాయ పడింది.

ఎందుకంటే పోయిన ఏడాది ఆ సందులోనే వడ్రంగి షెడ్డు తగలబడింది. ఫైరింజను వచ్చింది, వచ్చి సరిగ్గా చిన్నోడి బండి దగ్గర ఆగిపోయింది. దాన్ని బండి అనడమే గానీ చక్రాలు ఎప్పుడో ఊడిపోయి ఇటుకల మీద కూర్చుంది. మనుషులు గొట్టం పట్టుకుని లోపలికి పరుగెత్తారు గానీ గొట్టం చాల్లేదు. పనిముట్లు కాపాడుకోబోయి వడ్రంగి రెండు అరచేతులూ కాల్చుకున్నాడు. అయినా సందులో ఎవరూ చిన్నోణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వడ్రంగి అసలే అనలేదు, ఎందుకంటే ఇప్పటికీ ఆయన చేతులు వేడి గ్లాసు పట్టుకోలేవు, రోజూ పొద్దున చిన్నోడే ఊదీ ఊదీ తాగిస్తాడు. ఇందులో తప్పెవరిదో మీరు తేల్చగలిగితే తేల్చండి. అక్క వల్ల కాలేదు.

"నీ బండి జోలికి ఎవరూ రారు. నేనున్నాగా," అని తమ్ముడికి మాటిచ్చి కమిటీకి వెళ్లింది.

కమిటీ అధ్యక్షుడు రిటైరైన ప్లీడరు. ఆయన ముసాయిదాను ఉపనిబంధనలతో సహా చదువుతుంటే కిటికీ పక్క సభ్యుడు కళ్లు మూసుకుని ఆలోచించాడు. ఆలోచనలో చిన్నగా గురక కూడా వచ్చింది. చివరికి అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాడు, లేదనే జవాబు ముందే విన్నవాడిలాగా.

"నాకుందండీ," అంది అక్క.

గదిలో అందరూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. అధ్యక్షుడి మొహం వికసించింది.

"చాలా సంతోషం అమ్మా! అభ్యంతరం చెప్పినవాళ్లే ఉపసంఘానికి పెద్ద. ఇది ఇక్కడి ఆనవాయితీ. మీ సందులోకే ఫైరింజను తీసుకెళ్లి మీరే పరిశీలించి, నిబంధన అవసరమో కాదో చెప్పండి. మీరేం చెబితే కమిటీ అదే."

ఆ గదిలో ఎన్నో ఏళ్లుగా ఎవరూ దేనికీ ఎందుకు అభ్యంతరం చెప్పడం లేదో అక్కకు అప్పుడు అర్థమైంది. కమిటీలో ఆమెకు పూర్తిగా అర్థమైన మొదటి సంగతి అదే.

ఇంటికొచ్చి చెబితే చిన్నోడు ఎగిరి గంతేశాడు. "ఇంకేంటక్కా! తీర్పు మన చేతిలోకే వచ్చింది!"

అక్క ఇల్లు సందు చివర. కింద కుట్టుమిషన్లు, పైన అత్తగారు. అత్తగారికి మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేదు, కానీ నోటికి ఏ పట్టూ లేదు. ఆవిడ మంచం మీంచే కేకేసింది.

"బండి ఉంచితే నేను కాలతాను, తీసేస్తే వాడు మాడతాడు. ఏదో ఒకటి తొందరగా తేల్చవే, నాకు మధ్యాహ్నం నిద్ర పట్టట్లేదు."

"ఊరుకోండత్తయ్యా, మీకేమీ కాదు," అంది అక్క. ఆ మాట నమ్మకంతో అన్నదో, కూర మాడుతోందని తొందరలో అన్నదో ఆమెకే తెలియదు.

పరిశీలన రోజు రానే వచ్చింది. ఫైరింజనులో డ్రైవరు పక్కన కూర్చుని తన సందులోకి తిరిగిన అక్క, ఇది వేరే సందేమోనని కంగారుపడింది. అధికారులు వస్తున్నారని ఇంటింటికీ ముందే కబురందింది కదా, చుట్టాలొస్తే ఇల్లు సర్దుకున్నట్టు సందంతా సర్దేశారు. మోటారు సైకిళ్లు లేవు, పూలకుండీలు లేవు, ఆరేసిన దుప్పట్లు లేవు. టీ బండి కూడా లేదు! ఆరుగురు మొగాళ్లు కలిసి దాన్ని ఎత్తి పక్క వీధిలో పెట్టి, ఇటుకలు కూడా ఏరేసి, ఆ చోట నీళ్లు చల్లి ఊడ్చారు. తాము అక్క పరువు నిలబెడుతున్నామని వాళ్ల ఉద్దేశం.

ఫైరింజను ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లింది. పై కిటికీలోంచి అత్తగారు పెళ్లి ఊరేగింపు చూసినట్టు చెయ్యూపింది. వెనక గొడుగేసుకుని నడిచొచ్చిన అధ్యక్షుడు, "భేష్! దారి ఇంత విశాలంగా ఉంటే నిబంధన ఎందుకమ్మా?" అన్నాడు.

రోజూ ఇలా ఉండదండీ అని చెప్పాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కనే చిన్నోడు, కొత్త చొక్కా వేసుకుని, నవ్వు ఆపుకోలేక నిలబడి ఉన్నాడు. వాడి మొహం చూసి అక్క నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు.

"ఒరేయ్, పెద్దవాళ్లొచ్చారు కదరా. టీ పెట్టు."

అతిథులకు టీ ఇవ్వమనడం ఏ లోకంలోనూ నేరం కాదు. కానీ టీ పెట్టాలంటే పొయ్యి కావాలి, పొయ్యి బండి మీద ఉంది. ఆ ఆరుగురే పరుగెత్తుకెళ్లి, బండిని మోసుకొచ్చి, ఇటుకలు పేర్చి, సందు మొదట్లో యథాస్థానంలో నిలబెట్టారు. పరిశీలన అయిపోయిందనుకుని మిగతావాళ్లూ మోటారు సైకిళ్లు తెచ్చి పెట్టుకున్నారు. కుండీలు గడపల ముందుకొచ్చాయి, దుప్పట్లు తీగలెక్కాయి. టీ వచ్చింది. అధ్యక్షుడు రెండో గ్లాసు కూడా అడిగాడు.

సరిగ్గా అప్పుడు డ్రైవరు దగ్గరున్న వైర్‌లెస్సు గరగరమంది. నాలుగు వీధుల అవతల ఎవరి వంటింట్లోనో మంటలు. డ్రైవరు గ్లాసు కింద పెట్టి ఒక్క ఉదుటున సీటెక్కాడు. ఇంజను వెనక్కి కదిలింది, కదిలి ఆగింది. హారన్ మోగింది. మోటారు సైకిళ్లను పక్కకు ఈడ్చారు గానీ ఒకదానికి తాళం వేసి ఉంది, దాని యజమాని స్నానానికి వెళ్లాడు. అతన్ని తువ్వాలుతోనే బయటికి లాగారు. తీరా బండి దగ్గరికొస్తే పొయ్యి మీద గిన్నె నిండా పాలు పొంగుతున్నాయి. బండి మోసిన ఆరుగురిలో ఇద్దరు పనికి వెళ్లిపోయారు. చిన్నోడు చేతులు కాల్చుకుంటూ గిన్నె దింపాడు, సిలిండరు పక్కకు దొర్లించాడు. అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని తనూ బండికి ఓ మూల చెయ్యేసి ఎత్తింది. ఆ బండి అంత బరువుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

డ్రైవరు వైర్‌లెస్సులో "వస్తున్నాం, వస్తున్నాం" అంటూనే ఉన్నాడు. తర్వాత ఆ మాట అనడం కూడా మానేశాడు. అతను ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండునని అక్కకు అనిపించింది.

ఇంజను పెద్ద రోడ్డు ఎక్కేసరికి మళ్లీ కబురొచ్చింది. వేరే స్టేషను వాళ్లు వెళ్లి ఆర్పేశారట. గోడ నల్లబడింది, మనుషులకు ఏమీ కాలేదు. "అదృష్టం" అన్నారు అందరూ. అంటూ ఎవరి బండి వాళ్లు మళ్లీ యథాస్థానంలో పెట్టుకున్నారు.

ఆ రాత్రి అక్కకు నిద్ర లేదు. బండి తీయించాలా, ఉంచాలా అన్నది ఇక తన చేతిలో లేదనుకుంది. జరిగింది అధ్యక్షుడు కళ్లారా చూశాడు కదా, ఆయనే తేలుస్తాడు, పాపం ఆయన మీదకు పోతుంది. ఇలా అనుకుంటే కాస్త హాయిగా ఉండేది, వెంటనే అలా హాయిగా ఉన్నందుకు సిగ్గేసేది.

తర్వాతి సమావేశానికి చిన్నోడు కూడా వచ్చాడు. వెనక వరసలో సందర్శకుల కుర్చీలుంటాయి, ఎవరైనా కూర్చోవచ్చు. గుమాస్తా లేచి, అధ్యక్షుడు రాయించిన నివేదిక చదివాడు. "పరిశీలనలో ఫైరింజను సందు చివరిదాకా సునాయాసంగా వెళ్లినది. కావున కొత్త నిబంధన అవసరం లేదు."

అక్క తన చెవులను తనే నమ్మలేకపోయింది. "సార్, తిరిగి రాలేకపోయింది కదండీ? మీరు అక్కడే ఉన్నారుగా!"

"ఉన్నానమ్మా. కాకపోతే లోపలికి వెళ్లగలదా అన్నదే మన పరిశీలనాంశం. తిరిగి రావడం అందులో లేదు."

"మరి ఆ వంటింటి మంటలు?"

"అది వేరే వార్డు."

"మరి టీ బండి?"

"టీ చాలా బాగుంది," అన్నాడు అధ్యక్షుడు ఆప్యాయంగా. "కానీ దాన్ని మినిట్స్‌లో రాయలేం కదా."

వెనక నుంచి చిన్నోడు గట్టిగా ఊపిరి వదలడం అక్కకు వినిపించింది. చేతిలో ఉన్న కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. ఇప్పుడు ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. బండి ఉంటుంది, తమ్ముడి ఇల్లు గడుస్తుంది, తనిచ్చిన మాట నిలబడుతుంది. తప్పు చేశావని వేలెత్తి చూపడానికి కూడా ఎవరికీ వీలుండదు, అంత పద్ధతిగా జరిగిపోతోంది. అంత పద్ధతిగా జరుగుతున్నందుకే ఆమెకు కూర్చోబుద్ధి కావట్లేదు.

అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇప్పుడు, నిబంధన అవసరం లేదన్న ఈ నివేదికను ఆమోదించకుండా వెనక్కి పంపాలనే ప్రతిపాదన ఏదైనా వస్తే దాన్ని పక్కన పెట్టాలనుకునేవారు చేతులెత్తండి."

రెండు చేతులు లేచాయి. ఒకటి సగం లేచి, పక్కవాళ్లను చూసి, తల గోక్కుంది. గుమాస్తా అక్క వైపు చూశాడు.

"అమ్మా, మీరు?"

అక్క లేచి నిలబడింది. "సార్, నాకు మీ మాటల్లో ఒక్క ముక్క అర్థం కావట్లేదు. మా తమ్ముడి టీ బండి అక్కణ్నుంచి తీసేయాలంటే నేను చెయ్యి ఎప్పుడెత్తాలి? అది ఒక్కటి చెప్పండి."

ఆలోచిస్తున్న కిటికీ పక్క సభ్యుడు కూడా కళ్లు తెరిచాడు. అధ్యక్షుడు కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, తర్వాత గుమాస్తా చెవిలో ఏదో అడిగాడు. గుమాస్తా వేళ్లు మడిచి లెక్క చూసుకుని నెమ్మదిగా చెప్పాడు.

"దీనికి ఎత్తకూడదమ్మా. దీని తర్వాతిదానికి ఎత్తాలి."

అక్క కూర్చుంది. రెండు చేతులు చాలక అది వీగిపోయింది, నిబంధన పెట్టాలా అన్న తర్వాతిది వచ్చేదాకా ఆగాలి. పోనీ వెంటనే అయిపోయినా బాగుండేది, ఒక్క ఊపులో ఎత్తేసేది. ఆ కాసేపూ వెనక్కి తిరగకుండా ఉండటానికి ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. నువ్వు నన్ను కొంచెం అడిగి ఉండాల్సింది అక్కా అని వాడు అనొచ్చు. అడిగితే వాడు వద్దనేవాడు. వద్దంటే తను ఎత్తగలిగేది కాదు.

"అమ్మా, ఇప్పుడు," అన్నాడు గుమాస్తా.

ఆమె చెయ్యెత్తింది. దేనికి ఎత్తుతున్నామో అక్కడ ఇంకెవరికీ సరిగ్గా తెలియలేదు. ఉపసంఘం పెద్ద ఎత్తింది కాబట్టి పద్ధతి ప్రకారం అందరూ ఎత్తేశారు. నిబంధన ఏకగ్రీవంగా గట్టెక్కింది. "అభినందనలమ్మా," అన్నాడు అధ్యక్షుడు. వెనక వరసలో కుర్చీ ఖాళీగా ఉంది.

మెట్లు దిగేసరికి చిన్నోడు స్కూటరు స్టార్టు చేసి ఉంచాడు. వెళ్లిపోయాడనుకుంది. వాడు ఆమె వైపు చూడకుండా "ఎక్కు" అన్నాడు. కోపంతో అన్నాడో, అక్క నడిచి వెళ్లలేదని అన్నాడో పోల్చుకోలేక, ఆమె వెనక ఎక్కి కూర్చుంది. చిన్నప్పట్నుంచీ వాడి మనసు వీపు చూసి కూడా చెప్పగలిగేది. ఇవాళ ఏమీ తెలియలేదు.

చాలా దూరం వెళ్లాక వాడే అడిగాడు.

"మరి బండి ఎక్కడ పెట్టుకోవాలక్కా? అది ఏ కమిటీ చెప్తుంది?"

అక్క నోరు తెరిచింది. ఏ సందులో ఏది ఉండకూడదో ఇన్ని రోజులుగా చదివింది, విన్నది, చెయ్యెత్తింది. తీసేసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ అడగలేదు. తను కూడా అడగలేదు.

"నాకు తెలీదురా," అంది. ఆ మాటతో పాటే ఏడుపు తన్నుకొస్తే వాడి భుజం పట్టుకుంది.

చిన్నోడు స్కూటరు ఆపలేదు. కాస్త నెమ్మదిగా నడిపాడు, అంతే.