మీరు చూసే పంపారా మేడం

ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాలంటే నేను శనివారం నుంచే వంట మొదలుపెట్టాలి. రాత్రే ఇడ్లీ పిండి రుబ్బి, సాంబారుకి చింతపండు నానబెట్టి, పొద్దున లేచి పప్పు, వంకాయ కూర, దోసకాయ పచ్చడి చేసి, సాయంత్రం టిఫిన్‌లోకి సాంబారు కూడా కాచి, అన్నిటి మీదా మూతలు పెట్టేసరికి పన్నెండు దాటింది. అప్పుడు మా ఆయన కృష్ణతేజ పేపర్లోంచి తలెత్తి, "బొమ్మల సినిమాకి ఇంత హడావుడేంటి?" అన్నాడు. హడావుడంతా ఆయనగారి భోజనానికే గాని సినిమాకి కాదని నోటిదాకా వచ్చింది. చెప్పులేసుకున్నాను.

"పిల్లని పెట్టుకుని ఒక్కదానివే వెళ్తావా?" అన్నారు అత్తయ్య. "మీ మామయ్య తోడు లేకుండా నేనెప్పుడూ సినిమా హాలు గడప తొక్కలేదమ్మా."

"సినిమాకి కాదత్తయ్యా, బడి పనికి" అన్నాను. సినిమాకే అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. కానీ అది బడి పనన్నది కూడా నిజమే.

నేను తెనాలిలో ఒక ప్రైవేటు బళ్ళో యూకేజీ చెప్తాను. ఏటా దసరా సెలవలకి ముందు మా కరస్పాండెంటు పాండురంగారావు గారు పిల్లలందరినీ పొద్దుటాట సినిమాకి తీసుకెళ్తారు. సినిమా మా తరగతి పిల్లలకి తగినదేనని ప్రతి క్లాసు మేడమూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. సినిమా మాత్రం ఎవరూ చూడరు. బొమ్మలదైతే చాలు, అది పిల్లలదే. పోయినేడు నేనూ బోర్డు మీద రాస్తూ రాస్తూ, సుద్ద చేత్తోనే సంతకం గీకేసి, మళ్ళీ అఆలు రాసుకున్నాను. సినిమా అయిన సోమవారం అన్నాల బెల్లు కొట్టాక ఇద్దరు పిల్లలు సినిమాలో చూసినట్టే స్టీలు స్కేళ్ళతో కత్తియుద్ధం చేశారు. వాళ్ళలో యోబు అనేవాడి కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి.

వాళ్ళమ్మ వేమూరు నుంచి ఆటోలో వచ్చింది. నాట్లలోంచి ఉన్నపళంగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళ దగ్గర బురద ఆరిపోయి ఉంది. అరుస్తుందేమోనని భయపడ్డాను. అరిచినా బాగుండేది. "మీరు చూసే పంపారా మేడం?" అని మాత్రం అడిగింది. నేను పాండురంగారావు గారి వంక చూశాను. "సంతకం నీదే కదమ్మా" అన్నారు.

అందుకని ఈసారి చూడకుండా సంతకం పెట్టనన్నాను. ఏడేళ్లు నిండనివాళ్ళు అమ్మానాన్నలతోనే చూడాలని పోస్టరు మీదే ఉంది సార్, నా పిల్లలకి అయిదేళ్లే అన్నాను. "అదంతా రాయాలి కాబట్టి రాస్తారమ్మా. బొమ్మలకి వయసేంటి? రక్తం చుక్కైనా ఉండదు. నీకంత అనుమానంగా ఉంటే ఆదివారం చూసిరా, ఎవరొద్దన్నారు?" అన్నారాయన. ఎవరూ వద్దనలేదు. ఆదివారం నాది కాబట్టి ఎవరైనా ఏ పనికైనా ఇచ్చేయొచ్చు. చార్టులు, యానివర్సరీ డాన్సు బట్టలు కుట్టడం, ఆన్సరు పేపర్లు, అన్నీ దాని మీదే పడతాయి. ఇంట్లో మిగిలిన పని కూడా.

హాల్లో చీకటిపడింది. మా పింకీ పాప్‌కార్న్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను నోటు పుస్తకం తెరిచి పెన్ను తీశాను. పది నిమిషాలైంది, పావుగంటైంది, ఎవరూ మంచినీళ్ళు అడగలేదు, నా తువ్వాలేదని పిలవలేదు. పెళ్ళయిన ఏడేళ్లలో ఒకచోట అంతసేపు కదలకుండా కూర్చోవడం ఇదే మొదలు, కాన్పప్పుడు తప్ప. చాలా హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కథేమిటంటే ఒక కుందేలు. దాని ఊరిని ఉక్కు మొసళ్ళు ఆక్రమిస్తాయి. కుందేలు వాటితో పోరాడుతుంది. గుద్దులు నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. పాండురంగారావు గారన్నట్టు రక్తం చుక్క లేదు, దెబ్బ తగిలినచోట పొగ వస్తోంది. ఒకచోట కుందేలు మొసలి మెడకి తాడు వేసి బిగించి పడేసింది. హాలంతా చప్పట్లు. మొసలి కాసేపు కొట్టుకుని, లేచి, ఇకిలించింది. ఆ లేవడమే నాకు నచ్చలేదు. మా బళ్ళో ప్రతి పిల్లవాడి మెడలోనూ ఐడీ కార్డు తాడు ఉంటుంది. అది ఎవరైనా బిగిస్తే మా పిల్లలు లేచి ఇకిలించరు. చీకట్లోనే వంకరగా రాసుకున్నాను, యూకేజీకి వద్దు అని.

పింకీ మాత్రం ఏ గుద్దుకీ జంకలేదు. ఇంటర్వెల్ తర్వాత ఒక ఇంటి సీను వచ్చింది. నాన్న కుందేలుకి ఎందుకో కోపమొచ్చి సూపు గిన్నె ఎత్తి గోడకేసి కొట్టింది. అప్పుడు పింకీ నా చెయ్యి పట్టుకుంది. భయపడిందనుకుని దగ్గరకి తీసుకున్నాను. భయం కాదు. తెలిసిన పాఠం వచ్చినట్టు నా చెవిలో, "ఇప్పుడు వాళ్ళమ్మ తుడిచేసి సారీ చెప్తుంది" అంది. తెర మీద అమ్మ కుందేలు సారీ చెప్పలేదు. తన గిన్నెలోది తను తాగేసి, లేచి పనికి పోయింది. పింకీకి కోపం వచ్చింది. "సారీ చెప్పలేదేంటమ్మా? బ్యాడ్ మమ్మీ" అంది.

ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో నేను చూడలేదు.

కృష్ణతేజ కంచం విసిరే మనిషి కాదు. ఆ మాట నేనెక్కడైనా ఒప్పుకుంటాను. తోస్తాడు, అంతే. రేపల్లె కాలేజీలో లెక్కలు చెప్తాడు, పిల్లల్ని కొట్టడని మంచిపేరు. ఇంట్లో ఉప్పెక్కువైనా, అన్నం చల్లారినా, పుట్టింట్లో ఒకరోజు ఎక్కువున్నా, కంచం ముందుకు తోసి గదిలోకి వెళ్ళిపోతాడు. మూడు రోజులు మాట్లాడడు. "వాడి నోటెంట చెడ్డమాట రాదు, అదృష్టవంతురాలివి. నువ్వే ఒక మెట్టు దిగితే పోయిందేముంది" అంటారు అత్తయ్య. నేను దిగేదాన్ని. బల్ల తుడిచి, గది తలుపు దగ్గర నిలబడి సారీ అండీ అనేదాన్ని. తప్పెవరిదని ఆలోచిస్తే ఇల్లు నడవదని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఇల్లు బాగానే నడిచింది. చూస్తూ కూర్చున్న పిల్ల ఒకతె ఉందని మాత్రం నాకు తట్టలేదు.

హాలు బయట నిలబడి పాండురంగారావు గారికి ఫోన్ చేశాను. "సార్, మూడో తరగతి నుంచి తీసుకెళ్ళండి. చిన్నపిల్లలకి వద్దండి."

"వ్యాన్లు మాట్లాడేశానమ్మా. భట్టిప్రోలు నుంచి కూడా వస్తున్నాయి. ఆ ఒక్క సంతకం కోసం..."

"పెట్టనండి. నా క్లాసుని నేను బళ్ళోనే కూర్చోపెట్టుకుంటాను."

"సోమవారం రూముకి రా, మాట్లాడదాం" అని పెట్టేశారు. సోమవారం ఏం మాట్లాడతారో నాకు తెలుసు. కానీ యోబు వాళ్ళమ్మ మళ్ళీ వచ్చి అడిగితే, చూశానమ్మా, అందుకే పంపలేదు అని చెప్పగలను.

ఏడింటికి ఇడ్లీలు పెట్టాను. అత్తయ్య, కృష్ణతేజ, పింకీ బల్ల దగ్గర కూర్చున్నారు. కృష్ణతేజ కంచంలోకి చూసి, "పొద్దుటి పచ్చడేనా?" అన్నాడు.

"ఇప్పుడే వచ్చానండీ. చట్నీ చేసే టైం లేదు."

"సినిమాలకి ఉంటుంది టైం."

కంచం తోశాడు. ఈసారి సాంబారు గిన్నె కూడా పక్కకి ఒరిగింది, బల్ల అంచు దాకా వచ్చి కింద కారుతోంది. కృష్ణతేజ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఈలోగా పింకీ కుర్చీ దిగి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ తుడిచే గుడ్డ తెచ్చింది. నేల మీద కూర్చుని రెండు చేతుల్తో తుడుస్తూ, తలెత్తి, "సారీ నాన్నా" అంది. దానికెవరూ నేర్పలేదు అనడానికి లేదు. నేనే నేర్పాను.

నేను వంగి ఆ గుడ్డ తీసుకున్నాను. పింకీ చేతులు నా కొంగుతో తుడిచి, లేపి దాని కుర్చీలో కూర్చోపెట్టాను. గుడ్డ తీసుకెళ్ళి కృష్ణతేజ ముందు పెట్టాను.

"మీరు ఒలకబోశారు. మీరు తుడవండి" అన్నాను. గొంతు పెంచలేదు.

అతను నా వంక చూశాడు. అత్తయ్య గబగబా లేచి, "చిన్నపిల్ల ముందా ఈ మాటలు? పింకీని గదిలోకి తీసుకెళ్తాను" అని దాని రెక్క పట్టుకున్నారు.

"ఉండనివ్వండత్తయ్యా" అన్నాను. "ఇది పిల్లలు చూడొచ్చు."