మొగలో ఇసుక దిబ్బ

నర్సీపట్నం ఏసుపాదం హార్బరులో పనికి చేరింది పగ తీర్చుకోవడానికే. ఆ సంగతి అతని తమ్ముడి భార్య సోఫియాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అన్నదమ్ములిద్దరూ చిన్నతనంలోనే తీరానికి పోయి బోటు పని నేర్చుకున్నారు. నిరుడు వానాకాలంలో తమ్ముడు కిరణ్ బాబు వేట నుంచి తిరిగొస్తుంటే, హార్బరు మొగలో, బోట్లు సముద్రంలోంచి లోపలికొచ్చే ఆ ఇరుకు దారిలో, బోటు ఇసుక దిబ్బ మీద కూర్చుండిపోయింది. వెనకాలే వచ్చిన అల దాన్ని బోర్లా తిప్పేసింది. నిజానికి అక్కడ దిబ్బ ఉండకూడదు. డ్రెడ్జరు తవ్వి తీసిన ఇసుకను దూరంగా నడిసముద్రంలో పోయాలి. డీజిలు కలిసొస్తుందని కాంట్రాక్టరు జగదీశ్వరరావు మొగ పక్కనే పోయించాడు. పోటు వచ్చినప్పుడల్లా ఆ ఇసుక మళ్లీ బోట్ల దారిలోకే చేరింది.

కిరణ్ బాబు సమాధి దగ్గర సోఫియా ఏడవలేదు. "బావగారూ, ఆడు కూడా ఆ నీల్లే తాగాల" అంది.

చచ్చిపోయినవాడి పేరేమిటని జగదీశ్వరరావు ఎన్నడూ అడగలేదు. అందుకే ఏసుపాదం ఎవరో తెలియకుండానే సర్వే బోటు అతని చేతికిచ్చాడు. ఏసుపాదం "అలాగేనండీ" అనడం తప్ప నోరు విప్పలేదు. ఆయన నవ్వినప్పుడల్లా తనూ నవ్వాడు.

ఓ ఉదయం బోట్ల ఛానెల్ లోతు తనిఖీకి సాయిప్రియ అనే ఇంజినీరు వచ్చింది. "పోటు మీదుండగా తీసికెల్లు. దిబ్బేపు పోకు" అని జగదీశ్వరరావు చెవిలో చెప్పాడు. ఏసుపాదం ఇంజను మొరాయిస్తోందని సాకు చెప్పి, నీళ్లు బాగా వెనక్కి తీసేదాకా ఆగాడు. బయల్దేరేముందు ఇంజినీరుకు లైఫ్ జాకెట్ తనే బిగించి కట్టాడు. వాళ్లతోపాటే బోటెక్కిన జగదీశ్వరరావు తనకక్కర్లేదన్నాడు.

మొగలోకి రాగానే ఏసుపాదం బోటును నేరుగా దిబ్బకేసి తిప్పాడు.

"ఏటి సేత్తన్నావ్? కుడికి కొట్టు."

"సేనల్ లోతుగా ఉందని మేడంగారికి మీరే సెప్పారు కదండీ."

బోటు ఇసుకలో దిగబడిపోయింది. "రాడ్డు పట్టుకోండి మేడం" అని ఏసుపాదం అరిచేలోగా అల వచ్చి జగదీశ్వరరావును ఊడ్చుకుపోయింది. దిబ్బ అవతల లోతు. మునిగి లేచి, బోటు అంచుకు వేలాడాడు.

ఏసుపాదం వంగి చూశాడు. "కిరణ్ బాబు. ఆ పేరు సెప్పండి."

జగదీశ్వరరావుకు మొదట అర్థం కాలేదు. ఇంకో అల నోట్లోకి కొట్టింది. తర్వాత చెప్పాడు. ఉప్పునీళ్లు కక్కుతూ మళ్లీ మళ్లీ చెప్పాడు.

"తాడు వెయ్యండి, చచ్చిపోతాడు" అంది సాయిప్రియ.

ఏసుపాదం వేశాడు, తొందరపడకుండా.

జగదీశ్వరరావు కాంట్రాక్టు పోయింది. కొత్తవాళ్లు వచ్చి దిబ్బను తవ్వి, ఇసుకను దూరంగా తీసుకెళ్లి పోశారు. ఏసుపాదం మీద కేసు పెట్టారు. బెయిలు దొరికాక నర్సీపట్నం బస్సెక్కి సోఫియా ఇంటికి వెళ్లాడు.

"ఆణ్ని పేనాల్తో ఎందుకొగ్గేసారు?" అందామె.

"సచ్చిపోతే అక్కడితో సరిపోద్దమ్మా. ఇప్పుడు సముద్రం సప్పుడింటే ఒనికిపోతన్నాడంట. ఇల్లు కూడా మార్చేసాడు."

సోఫియా పీట వేసి, అతనికి అన్నం వడ్డించింది.

"ఆ పేరు ఎలా సెప్పాడో సెప్పండి" అంది, ఎదురుగా కూర్చుంటూ.