పొన్నంగి కొలత

జ్యోతిర్మయి పిలిచి "బాబాయ్, వచ్చేవాళ్లకి పిట్టల్ని నువ్వే చూపించాలి" అన్నప్పుడు పానకాలు నెత్తిమీది గడ్డిమోపు దించి మరీ నవ్వాడు. పిట్టల్ని తోలమంటే ఒక అర్థముంది గానీ చూపించమనడమేమిటి?

తోలడంలో పానకాలును మించినవాడు చుట్టుపక్కల పది ఊళ్లలో లేడు. పన్నెండో ఏట మంచె ఎక్కినవాడు నలభై రెండో ఏట దిగాడు. ముప్ఫై ఏళ్లు జొన్నచేల మీద వడిసెల తిప్పాడు, డబ్బా మోగించాడు, అన్నిటికన్నా ఎక్కువగా అరిచాడు. అతను మంచె మీద నిలబడి "హోఓఓయ్" అంటే మూడు చేల అవతల ఉన్న గోరింకలు కూడా తమనేననుకుని లేచిపోయేవి. తర్వాత జొన్న పోయింది. ఎటు చూసినా మిరప, కాకపోతే పత్తి. వాటికి భయం పిట్టలతో కాదు, పురుగుతో. ఆ కాపలా మందుడబ్బాలు చూసుకుంటాయి. మంచె కర్రలు ఎవరి పొయ్యిలోకి పోయాయో కూడా తెలీదు. పానకాలు జ్యోతిర్మయి వాళ్ల ఒంగోలు పశువుల ఫారంలో చేరి పదహారేళ్లుగా మేత వేస్తూ, పలుపులు పేనుతూ కాలం గడుపుతున్నాడు.

ఫారం అంటే నాలుగు కొట్టాలూ ఒక బోరూ కాదు. వినుకొండ దాటి మార్కాపురం వైపు పోయే దారిలో, మిరపచేలు అయిపోయి నేలలో రాళ్లు తేలే చోట మొదలై కొండ పైదాకా మూడొందల ఎకరాల బీడు. రెండేళ్ల కిందట కోడెను బేరం చేయడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కోడెను వదిలేసి చెట్టు మీది పిట్టను గంటసేపు చూశాడు. జ్యోతిర్మయి బుర్రలో అప్పుడే పడింది విత్తనం. నాలుగు గదులు కట్టించి, మే నెలలో మూడు రోజుల పిట్టల విడిది అని ప్రకటించింది. ఆ ఎండల్లో అక్కడికి విహారానికి ఎవడొస్తాడని ఊరంతా నవ్వింది. ఒక్క పానకాలే నవ్వలేదు. ఎండాకాలం నీళ్లు ఎక్కడుంటే పిట్టలన్నీ అక్కడికే వస్తాయి, వాటి వెంట తిరగక్కర్లేదని ఆమెకు చెప్పింది అతనే మరి.

అతని భార్య మల్లేశ్వరి మాత్రం ఊరుకోలేదు. "ముప్ఫయ్యేళ్లు నోటికాడ గింజ తిననీకుండా తోలావు. ఇప్పుడు పిలిచి పీటేస్తావా? వాటికి సిగ్గుండాలి గానీ, ఎందుకొస్తాయి?" అంది.

మొదటి జట్టులో నలుగురు వచ్చారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన శివరామకృష్ణగారు గుంటూరు నుంచి, తన చేతికంటే పొడుగైన కెమెరాతో అఖిల అనే అమ్మాయి విజయవాడ నుంచి, చీరాలలో చీరల కొట్టున్న మొగుడూ పెళ్లాలూ. మొదటి రోజు పొద్దున్నే పానకాలు వాళ్లను పశువుల మేతకు వేసిన జొన్న దగ్గరికి తీసుకెళ్లి గట్టు చాటున కూర్చోబెట్టాడు. కాసేపటికి నలభై యాభై జినువాయిలు, వేలెడంత పిట్టలు, ఒక్కసారిగా కంకుల మీద వాలాయి. నలుగురూ దుర్భిణులు ఎత్తారు. అఖిల కెమెరా గురిపెట్టింది.

"హోఓఓయ్!" అన్నాడు పానకాలు.

అనాలని అనలేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది. జినువాయిలు పోయాయి, పక్క తుమ్మచెట్టు మీది పాలపిట్ట పోయింది, గట్టు కింద ఎక్కడో దాక్కున్న కౌజులు కూడా బుర్రుమని పోయాయి. శివరామకృష్ణగారు దుర్భిణి దించి "ఏంటయ్యా ఇది?" అన్నారు. పానకాలు తల గోక్కుని "అలవాటండీ" అన్నాడు. అఖిల కెమెరాలో ఇరవై బొమ్మలు పడ్డాయి, ఇరవైలోనూ ఉత్త ఆకాశమే.

మధ్యాహ్నం జ్యోతిర్మయి అతన్ని కొట్టం దగ్గరికి పిలిచింది. ఆమెకు కోపం కంటే ఇబ్బంది ఎక్కువగా ఉంది.

"బాబాయ్, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఇంకోసారి అరిచావంటే శనివారం వచ్చే జట్టుకి హైదరాబాద్ నుంచి గైడ్‌ని పిలిపిస్తా. నువ్వు మళ్లీ మేత పనికి వెళ్లాలి."

"అరవనమ్మా."

"జీతం తగ్గించనులే, అదే ఉంటుంది."

జీతం కాదు పానకాలు బాధ. మంచె దిగిన రోజు నుంచీ అతన్ని పిట్టల గురించి అడిగిన నాథుడు లేడు. ఏది ఎప్పుడు వస్తుంది, ఎటునుంచి వస్తుంది, ఎక్కడ తాగుతుంది, ఇదంతా పాడుబడ్డ ఇంట్లో సామానులా అతని బుర్రలో పడి ఉంది. పదహారేళ్ల తర్వాత నలుగురు మనుషులు కాగితం, పెన్సిలు పట్టుకుని "అదేం పిట్ట పానకాలూ?" అని అడిగారు. ఆ మాట ఇంకా వినాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది.

ఇంటికెళ్లి చెబితే మల్లేశ్వరి కడుపుబ్బ నవ్వి, ఆ తర్వాత పోపులపెట్టె వెతికి ఒక కరక్కాయ తీసి ఇచ్చింది. "బుగ్గన పెట్టుకో. ఇది ఉన్నంతసేపు మాటే సరిగ్గా రాదు, ఇంక అరుపేం వచ్చిద్ది?"

రెండో రోజు కరక్కాయ పనిచేసింది. పానకాలు మూగవాడిలా చేతులతో చూపించాడు. గులకరాళ్ల మధ్య రాళ్లలాగే ఉన్న తీతువు గుడ్లు నాలుగు చూపించాడు. ఎండిన కొమ్మ మీద కొమ్మలాగే కూర్చుని నిద్రపోతున్న పిట్టను చూపిస్తే, అదెక్కడుందో కనిపెట్టడానికి చీరాల ఆయనకు పావుగంట పట్టింది. శివరామకృష్ణగారి కాగితంలో ఒక్క పూటలో ముప్ఫై ఒక్క పేర్లు చేరాయి. భోజనాల దగ్గర ఆయన ఆ కాగితం మడుస్తూ అన్నారు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నాకు ఒక్కటి బాకీ ఉండిపోయింది పానకాలూ. పొన్నంగి పిట్ట. తొమ్మిదేళ్ల నుంచి తిరుగుతున్నా. ఎక్కడికి పోయినా 'నిన్నటిదాకా ఇక్కడే ఉందండీ' అంటారు."

పానకాలు కరక్కాయ చేతిలోకి ఉమ్ముకున్నాడు. "పచ్చటి వీపు, మొండితోక, తోక కింద ఎర్రగా ఉంటది, ఎండుటాకులు తిరగేసుకుంటా గెంతిద్ది. అదేగా సార్?"

"అదే!"

"కొండ మీద వాగులో నేను తీసిన చెలమకొచ్చిద్ది. రేపు చూపిస్తా."

మాట నోరు జారాక గానీ ఎంత పెద్ద మాటో అతనికి తెలియలేదు. రేపే ఆఖరి రోజు. తొమ్మిదింటికి కారు.

మూడో రోజు తెల్లవారకముందే నలుగురినీ కొండెక్కించాడు. జ్యోతిర్మయి కూడా వచ్చింది. ఎండిపోయిన వాగు ఇసుకలో మోకాలి లోతు గుంట, అందులో బిందెడు నీళ్లు, అదే చెలమ. పాతిక గజాల దూరంలో కంప అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వెలుగు వచ్చేసరికి వాగు ఒడ్డున ఎండుటాకులు కదిలాయి. ఒక ఆకు లేచింది, పక్కన ఇంకొకటి లేచింది. ఆకుల వెనక నుంచి పచ్చగా, నీలంగా ఏదో ఒక గెంతు గెంతి మళ్లీ పొద చాటుకు పోయింది. శివరామకృష్ణగారు దుర్భిణి సర్దుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే కొండ మీంచి చిలకల గుంపు రెక్కల చప్పుడుతో చెలమ మీదికి దిగింది.

"హోఓఓయ్!"

కరక్కాయ నోట్లోంచి ఎగిరి ఎటో దొర్లిపోయింది. చిలకలు కేకలు వేస్తూ పోయాయి. పొదలో పొన్నంగి కూడా పోయింది. అఖిల కెమెరా మూత పెట్టేసింది. జ్యోతిర్మయి పానకాలు వైపు చూడకుండా చీరాల వాళ్లతో "పదండి, కిందికెళ్లి టిఫిన్ చేద్దాం" అంది. ఆ చూడకపోవడంతో పానకాలుకు తన పని అయిపోయిందని తెలిసింది.

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. లేచి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ లేవడానికి మొలలో చెయ్యి పెట్టి పంచె సర్దుకుంటుంటే, పలుపుల కోసం ఎప్పుడూ దోపుకునే జనపనార చేతికి తగిలింది.

"కూర్చోండి సార్," అన్నాడు. "తిరిగొచ్చిద్ది."

"ఇంకేం వస్తుంది బాబాయ్, ఊరుకో," అంది జ్యోతిర్మయి.

"తోలినోడికి తెలుసమ్మా అవి ఎప్పుడు తిరిగొస్తాయో. మంచె మీద మాకు గడియారం లేదు. అరవటం, కూర్చుని తాడు పేనటం, అవి వస్తే మళ్లీ అరవటం. జినువాయి జానెడు తాడుకి వచ్చిద్ది. గోరింక మూరెడుకి. చిలక బారెడు, అంటే నాలుగు మూరల తాడు పేనితే గానీ రాదు."

"మరి పొన్నంగి?" అన్నారు శివరామకృష్ణగారు.

పానకాలు అబద్ధం ఆడలేకపోయాడు. "తెలీదు సార్. అది గింజ తినదు. దాన్నెప్పుడూ తోల్లేదు. కానీ దాహం వేసింది, తాగలా. చిలకలు మళ్లీ దిగితే మాత్రం ఆ గోలకి ఇంక రాదు. వస్తే బారెడు లోపే రావాలి."

శివరామకృష్ణగారు అందరి మొహాలూ చూసి మళ్లీ చతికిలబడ్డారు. "తొమ్మిదేళ్లు ఆగినవాణ్ని, బారెడు తాడుకి ఆగలేనా?" పెద్దాయన కూర్చున్నాక తక్కినవాళ్లూ కూర్చోక తప్పలేదు.

పానకాలు నారపాయలు రెండుగా చీల్చి పేనడం మొదలుపెట్టాడు. మంచె మీద తాడు కొసను కాలి బొటనవేలితో తొక్కి పట్టేవాడు, నోరు ఖాళీగా ఉండాలి కనుక. ఇవాళ ఆ కొసను పళ్ల మధ్య కరిచిపట్టాడు. జానెడు అయింది. అతను ఎడమచేతి వేలు ఒకటి పైకెత్తాడు. ఆ వేలు దించకముందే జినువాయిలు బిలబిలమంటూ చెలమ చుట్టూ వాలాయి. పానకాలుకు అరుపు నోటిదాకా వచ్చింది గానీ, తాడు వదిలితే పురి విడిపోతుంది. పళ్లు ఇంకా బిగించాడు. అఖిల అతని వైపు ఒకసారి చూసి, చప్పుడు కాకుండా కెమెరా మూత తీసింది.

మూరెడు అయింది. రెండు వేళ్లు ఎత్తాడు. గోరింకలు ఆరు వచ్చి జినువాయిలను పక్కకు నెట్టి తాగాయి. చీరాల ఆవిడ మొగుడి మోచేయి గిల్లింది. జ్యోతిర్మయి ఇప్పుడు చెలమ వైపు చూడడం మానేసి తాడునే చూస్తోంది.

రెండు మూరలు. పొన్నంగి లేదు. మూడు మూరలు. లేదు. పానకాలు చేతులు చెమటకు జారుతున్నాయి. ముప్ఫై ఏళ్లు ఆ తాడు ఎంత పొడుగు సాగితే అంత మంచిదని, పిట్టలు అంత ఆలస్యంగా రావాలని దేవుణ్ని మొక్కుకుంటూ పేనాడు. ఇవాళ రా తల్లీ, ఇంక సాగనీకు, వచ్చెయ్ అని పేనుతున్నాడు. కొండపైన ఎక్కడో అప్పుడే ఒక చిలక అరిచింది. బారెడుకు ఇంక అర మూరే తక్కువ.

ఒడ్డున ఎండుటాకు ఒకటి తిరగబడింది.

అది ఆకుల్లోంచి గెంతుతూ వచ్చింది. ఇసుకలోకి దిగింది. చెలమ అంచున ఆగి, తల అటొకసారి ఇటొకసారి తిప్పి, వంగి తాగింది. వంగినప్పుడు మొండితోక కింద ఎరుపు ఎండలో బాగా కనిపించింది. ఏడుసార్లు తాగింది. శివరామకృష్ణగారు దుర్భిణి ఎత్తడం కూడా మర్చిపోయి ఉత్త కళ్లతోనే చూస్తున్నారు. ఆయన బుగ్గలు తడిశాయి, తుడుచుకోలేదు. తాగడం అయ్యాక అది తొందరేమీ లేనట్టు మళ్లీ గెంతుకుంటూ పొదలోకి వెళ్లిపోయింది.

పానకాలు తాడు కొస పళ్లలోంచి తీసి ముడి వేశాడు. మోచేతితో కొలిచాడు. మూడు మూరల జానెడు. దాన్ని చుట్టచుట్టి, అడగకుండానే శివరామకృష్ణగారి చేతిలో పెట్టాడు. ఆయన కాగితంలో పేరు రాయలేదు. కాగితం, తాడు కలిపి జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి ఆనించి అలాగే కూర్చున్నారు.

జ్యోతిర్మయి వంగుతూ వచ్చి పానకాలు పక్కన కూర్చుంది. గోరింకలు ఇంకా తాగుతూనే ఉన్నాయి.

"శనివారం ఆరుగురొస్తున్నారు బాబాయ్," అంది చెవి దగ్గర. "నార ఎంత తెప్పించమంటావు?"

"రెండు కట్టలు," అన్నాడు పానకాలు.

ఒక్క గోరింక కూడా తలెత్తలేదు.