పురుగు లేని చేను

కోటిరత్నం పొద్దున లేస్తూనే చేసే పనులు మూడు. పొయ్యి రాజెయ్యడం, గేదెకు కుడితి పెట్టడం, పెంటకుప్ప వెనక పాతిపెట్టిన పురుగుమందు డబ్బా పాతిన చోటే ఉందో లేదో కాలితో తొక్కి చూసుకోవడం. మొదటి రెండూ కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఉన్నవే. మూడోది మాత్రం తొంభై ఎనిమిదిలో, పత్తి పోయాక వచ్చి చేరింది.

ఆ ఏడు పర్చూరు వైపు నల్లరేగడి చేలన్నీ పచ్చపురుగు పాలయ్యాయి. ఆమె భర్త చెంచయ్య మూడెకరాల పత్తికి పన్నెండు సార్లు మందు కొట్టాడు. పదమూడోసారి కొట్టబోయి, ఒక ఆకు తిరగేసి చూసి, వీపు మీది స్ప్రేయర్ గట్టున దించి ఇంటికొచ్చాడు. "పురుగు పడింది" అన్నాడు. అంతకుముందు పన్నెండు సార్లూ అదే మాట అన్నాడు గానీ, ఆ రోజు అన్న తీరు వేరు. ఆ పూట మంచమెక్కి గోడవైపు తిరిగినవాడు ఇక దిగలేదు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

పురుగును చంపలేని మందు మనుషుల దగ్గర మాత్రం గురి తప్పడం లేదని అప్పటికే చుట్టుపక్కల మూడు ఊళ్ళకు తెలిసొచ్చింది. అందుకే కోటిరత్నం సగం మిగిలిన డబ్బాను పాతేసింది. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. వచ్చే ఏడు పైరుకి పనికొస్తుంది కదా అనుకుంది. మొగుడు ఏమైపోతాడో అని హడలిపోతున్నా వచ్చే ఏటి పైరును మర్చిపోదు రైతు బుద్ధి. దాన్ని ఏమని తిట్టాలో నాకైతే తెలియదు.

"చెంచయ్యకి ఓ సీసా చేను చేయించకూడదా అమ్మాయ్? చూసుకుంటా కూర్చుంటాడు" అన్నాడు పక్కింటి యలమందయ్య.

సీసా చేలు చేసేది లాల్‌బీ. పీర్ల పండక్కీ, పెళ్ళి పందిళ్ళకీ కాగితప్పూలు చెయ్యడం ఆమె వృత్తి. తీరిక దొరికితే గాజుసీసాల్లో కాగితపు చేలు కట్టి ఇచ్చేది. కాగితపు చేలు పెరగడం ఊళ్ళో ఎవరికీ వింత కాదు. యలమందయ్య ఇంట్లో సీసాలో మిరప పండితే వాళ్ళావిడ వారం రోజులు తుమ్మేది. పోస్టుమాస్టరు గారి సీసాలో మామిడితోటకు గాలి రేగితే, పిందెలు రాలే చప్పుడుకి ఆయనకు మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. చుట్టాలొస్తే మంచీచెడూ అయ్యాక "మీ సీసాలో పూతెప్పుడు?" అని అడగడం మర్యాద.

కోటిరత్నం వెళ్ళేసరికి లాల్‌బీ అరుగు మీద కూర్చుని పీర్లకు పూలు కడుతోంది.

"నా కళ్ళు మసకలేసినై కోటీ. కత్తెర నువ్వు పట్టుకో, నేను చెప్తా. కాగితం మాత్రం మీ ఇంటిదే కావాలి. బయటి కాగితం వేరు పట్టదు" అంది.

టీ బంకులో బిస్కెట్లు పెట్టే వెడల్పు మూతి గాజు జాడీ దొరికింది. అడుగున సొంత చేలో మట్టి పోశారు. చీపురుపుల్లలకు కాగితం చుట్టి మొక్కలు చేశారు. ఎరువుల కొట్టువాడు ఇచ్చిన క్యాలెండరులో పచ్చటి పొలం బొమ్మలుంటే వాటిని ఆకులుగా కత్తిరించారు. పసుపు పెట్టిన తన పెళ్ళి శుభలేఖ తెచ్చి పూలు చేసింది కోటిరత్నం. అంచులు వేలితో వంచి గిన్నెలా చేస్తే అచ్చం పత్తిపువ్వే.

"పూల జిగురులో మైలుతుత్తం వేస్తాను, పురుగు పట్టకుండా. చేల జిగురులో వెయ్యకూడదు. ఉత్త మైదా ఉడకబెట్టుకో. చివర్న ఒక పురుగును కూడా కత్తిరించి ఆకు మీద పెట్టు" అంది లాల్‌బీ.

"పురుగునా పిన్నమ్మా?"

"పురుగు లేని చేను ఎక్కడన్నా చూశావా?"

చూడలేదు. చూడాలనే కదా ఆమె ఏడుపంతా! ఇంటికి వెళ్ళి, చిటికెడు కాదు, గుప్పెడు మైలుతుత్తం జిగురులో కలిపింది. పురుగు ఊసే ఎత్తలేదు. ఒక్కసారన్నా నా మొగుడు పురుగు లేని చేను చూడనీ అనుకుంది. తప్పని తెలిసే చేసింది.

చేను వేరు పట్టింది. వారానికో నెల చొప్పున ఎదిగింది. మొగ్గ తొడిగి గూడ కట్టింది, పూత విచ్చింది, శుభలేఖ పూలు మర్నాటికి గులాబీ రంగు తిరిగి రాలాయి. ఉగాది నాటికి కాయలు పగిలి జాడీ అంతా తెల్లబడింది. చెంచయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. లేచి కూర్చున్నాడు. అడిగి మజ్జిగ తాగాడు. ఊరంతా వచ్చి చూసి, ఇంత పత్తి మేమెరగం అన్నారు. కోటిరత్నం ఆ వారం రోజులూ పెంటకుప్ప వైపు వెళ్ళలేదు.

ఎనిమిదో రోజు చెంచయ్య జాడీ మీంచి చూపు తియ్యకుండా అన్నాడు.

"చూశావటే కోటీ. నీళ్ళు పెట్టింది లేదు, కలుపు తీసింది లేదు, మందు కొట్టింది లేదు. నేను లేకపోతే చేను ఎంత బాగుందో."

"అదేం మాటయ్యా?"

"తప్పు పురుగుది కాదే. నాది."

ఆ సాయంత్రం ఆమె గేదెను తోలుకొచ్చేసరికి చెంచయ్య కొట్టంలో ఉన్నాడు. మూడు నెలల తర్వాత మంచం దిగి తనంతట తాను నడిచాడు. గడ్డి కింద, దూలాల మీద, ధాన్యం గాదె వెనక తడుముతున్నాడు. ఏం వెతుకుతున్నాడో ఆమెకు అడక్కుండానే తెలిసింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. యలమందయ్యను కాపలా ఉంచి లాల్‌బీ దగ్గరికి పరుగెత్తింది.

జిగురులో మైలుతుత్తం కలిపిందీ, పురుగును పెట్టనిదీ విని లాల్‌బీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పురుగు లేని చేనుకి రైతెందుకమ్మా?" అంది. "వెళ్ళు. ఒక మొక్కకు జిగురు కడిగి మళ్ళీ అతికించు. పురుగును చెయ్యి."

కోటిరత్నం తిన్నగా పెంటకుప్ప వెనక్కి వెళ్ళింది. డబ్బా తవ్వి తీసింది. ఊరి బయట చవిటి నేలలో మోకాలి లోతు గుంట తీసి, మందంతా ఒంపి పూడ్చేసింది. ఈసారి వచ్చే ఏటి పైరు గుర్తుకు రాలేదు. డబ్బాకు అంటించిన ఆకుపచ్చ కాగితాన్ని తడిపి ఒలిచి, చింపులు కాకుండా ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు వెలుగు రాగానే ఒక మొక్కను పీకి, కడిగి, ఉత్త మైదాతో అతికించింది. ఆకుపచ్చ కాగితంలోంచి వడ్లగింజంత పురుగును కత్తిరించింది. ఎన్ని దేవుళ్ళకు మొక్కి ఆ పురుగును చావమంది! ఇప్పుడు తన చేతుల్తో దానికి కాళ్ళు దిద్దుతోంది. దిద్దుతూ ఏడ్చింది. దాన్ని ఆకు మీద వదిలి మూత పెట్టేసింది.

పొయ్యి మీద ఎసరు మరిగేసరికి లోపల్నుంచి కేక వినిపించింది.

"కోటీ! పురుగు పడింది! మందు ఎక్కడ పెట్టావే?"

ఆమె ఎసరు పొయ్యి మీదే వదిలి పరుగెత్తుకొచ్చింది. రైతు నోటికి పురుగు వెంట మందు మాటే వస్తుందని తెలిసీ పరుగెత్తింది.

"లేదు. పారబోశా."

"పారబోశావా? మరి దేంతో చంపను?"

"పన్నెండు సార్లు కొడితే చచ్చిందా? చేత్తో ఏరు."

చెంచయ్య ఆమె వంక చూశాడు, జాడీ వంక చూశాడు. మూత తీసి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, పురుగును పట్టి బయటికి తీసి నలిపాడు. తర్వాత ఒక్కొక్క ఆకే తిరగేసి చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే, "ఉండవే, ఇంకో సాలుంది" అన్నాడు.

అలా మొదలైంది. ఆయన బాగుపడ్డాడని చెప్పను. మూడెకరాలూ యలమందయ్యే చేశాడు. చెంచయ్య మళ్ళీ గట్టు తొక్కలేదు, నవ్వలేదు, నలుగురిలో కూర్చోలేదు. పొద్దున లేచేవాడు, పురుగులు ఏరేవాడు. రేపు ఏరకపోతే కాయంతా పోతుందని పడుకునేవాడు. ఆయనకు రేపు అన్నది అంతే. ఆయన లేవకముందే కోటిరత్నం రోజూ ఒక పురుగును కత్తిరించి లోపల వేసేది. పొదుపుగా, అంచులు కూడా పోకుండా కత్తిరించేది. అయినా కాగితం కాగితమే. ఏడేళ్ళు వచ్చింది. లాల్‌బీ అప్పటికి పోయింది, అడగడానికి ఎవరూ లేరు. క్యాలెండరు ముక్కతో చేసి చూసింది, అది కదల్లేదు.

ఆఖరి ముక్క అయిపోయిన మర్నాడు కోటిరత్నం పొయ్యి రాజెయ్యలేదు. గేదెకు కుడితి పెట్టలేదు. జాడీ ముందు ఉత్త చేతులతో కూర్చుంది. వెనక మంచం మీద చెంచయ్య మెలకువగానే ఉన్నాడు, గోడవైపు తిరిగి.

అప్పుడు చూసింది. తను ఉత్త మైదాతో అతికించిన మొక్క కింది ఆకుకు చిల్లి ఉంది. చిల్లి పక్కన ఆవగింజంత పచ్చటిది ఒకటి మెల్లగా కదులుతోంది. ఇది తను కత్తిరించింది కాదు. దాని పక్కన ఇంకోటి. ఆకు వెనక ఇంకో నాలుగు.

కోటిరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి భర్త భుజం తట్టింది.

"ఏమయ్యా, లే. పురుగు పడింది."